యూనివర్సిటీలో ఏఐ కమిటీ వేశారు, కన్వీనర్‌ని నేనే. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త_కన్వీనర్

అందరికీ నమస్కారం. ఒక స్టేట్ యూనివర్సిటీలో సీఎస్‌ఈ అసోసియేట్ ప్రొఫెసర్‌ని, పేరు అడగొద్దు, మా కింద అనుబంధ కాలేజీలు కూడా చాలానే ఉన్నాయి. పోయిన వారం వీసీ గారు పిలిచి "ఏఐ మీద మనకీ ఒక పాలసీ ఉండాలండీ, పక్కవాళ్లు పెట్టేసుకున్నారట" అన్నారు. రెండు రోజుల్లో ఆర్డర్ వచ్చేసింది. పదకొండు మందితో కమిటీ, కన్వీనర్ నేను. నేనే ఎందుకు అంటే "మీరు సీఎస్‌ఈ కదా" అన్నారు. నేను చెప్పేది కంప్యూటర్ నెట్‌వర్క్స్. వచ్చే నెల అకడమిక్ కౌన్సిల్‌కి డ్రాఫ్ట్ పెట్టాలి.

మొదటి మీటింగ్ గంటన్నర జరిగింది, అందులో నలభై నిమిషాలు పాలసీకి ఏం పేరు పెట్టాలన్న దాని మీదే పోయింది. ఈలోగా కింద జరిగేది జరుగుతూనే ఉంది. ఒక హెచ్‌ఓడీ ఏఐ వాడితే సున్నా అని నోటీసు బోర్డులో పెట్టారు, ఎదురు బ్లాకులో ఇంకో డిపార్ట్‌మెంట్‌లో ప్రాంప్ట్ (ఏఐకి ఇచ్చే సూచన) బాగా రాసినవాళ్లకి మార్కులు వేస్తున్నారు, ఓపెన్ ఎలక్టివ్ (వేరే డిపార్ట్‌మెంట్ సబ్జెక్టు) తీసుకున్న పిల్లలు పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ. ఒక ల్యాబ్ రికార్డు చూశాను, మొదటి పేజీ మొదటి లైనులోనే "తప్పకుండా! మీరడిగిన రిపోర్ట్ ఇదిగో" అని ఇంగ్లిష్‌లో ఉంది, స్పైరల్ బైండింగ్ చేయించారు, కింద మావాళ్ల సంతకం కూడా ఉంది. అంటే పిల్లాడూ చదవలేదు, సారూ చదవలేదు.

ఇంకో పక్క ఫోన్లు. ఏఐ రాసిందో మనిషి రాసిందో చెబుతామనే ఏఐ డిటెక్టర్ అమ్మేవాళ్లు ఒకరు, ఆన్‌లైన్ పరీక్షల్లో పిల్లల ముఖాలు చూసి "అటెన్షన్ స్కోరు" ఇస్తామనేవాళ్లు ఇంకొకరు. డిటెక్టర్ కొనాలా వద్దా? ఇదంతా ఎవరి చేతిలో ఉండాలి? మనం రాసింది అనుబంధ కాలేజీలకి వర్తిస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, పాలసీ డాక్యుమెంట్ల లింకులు మాత్రం వద్దు, ఇరవై దాకా చదివాను, అన్నీ ఒకేలా ఉన్నాయి.

పాత_ఐక్యూఏసీ

సార్, (మేడమ్ అయితే క్షమించాలి) ముందు పాలసీ రాయడం ఆపండి.

నేను ఆరేళ్లు ఐక్యూఏసీ (సంస్థలో నాణ్యత చూసే విభాగం) చూశాను, రిటైరయ్యాక ఒక యూనివర్సిటీ వాళ్లు ఇదే పని మీద పిలిస్తే వెళ్లాను. అక్కడా అందరూ విద్యార్థుల కాపీ గురించే మాట్లాడుతున్నారు. నేను ఒక ఎక్సెల్ షీటు పట్టుకుని సెక్షన్లన్నీ తిరిగాను. అందులో ఐదే కాలమ్‌లు: ఏ పనికి వాడుతున్నారు, ఏ టూల్, ఎవరి అకౌంట్‌తో, ఏ డేటా ఎక్కిస్తున్నారు, చివర్లో ఎవరు చూసి సంతకం పెడుతున్నారు. తప్పు పట్టడానికి రాలేదు అని ముందే చెప్పి, టీ తాగుతూ అడిగితే అన్నీ చెప్పేస్తారు.

ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్ ఉన్నాడు, మంచి పనిమంతుడు. రీవాల్యుయేషన్ షీటు ఓపెన్ చేసి చూపించాడు. హాల్ టికెట్ నంబరు, పేరు, తండ్రి పేరు, పాత మార్కు, కొత్త మార్కు, 1,800 వరసలు. మొత్తం కాపీ చేసి తన సొంత జీమెయిల్‌తో తెరిచిన ఫ్రీ చాట్‌బాట్‌లో పేస్ట్ చేసి, "మార్కు మారిన వాళ్ల లిస్టు ఇవ్వు" అని టైపు చేశాడు. "ఇదివరకు రెండు రోజులు పట్టేది సార్, ఇప్పుడు పది నిమిషాలు" అని సంతోషంగా చెప్పాడు. అతన్ని ఏమనాలి? సాయంత్రంలోగా లిస్టు కావాలని పైనుంచి టెన్షన్ పెట్టినవాళ్లెవరూ అది ఎలా వస్తోందని అడగలేదు. ఆ లిస్టుని నేను శాంపిల్‌గా ఒక వంద వరసలు సరిచూస్తే మూడు పేర్లు ఎగిరిపోయాయి. అంటే మార్కు పెరిగిన ముగ్గురు పిల్లలకి ఆ సంగతే తెలిసేది కాదు. చివరికి అక్కడ కావలసింది ఏఐ పాలసీ కాదు, ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు పోల్చే చిన్న ఫార్ములా నేర్పితే సరిపోయింది. అరగంట పని.

ఇక ఎవరి చేతిలో అన్నారు. మీ కమిటీకి ఆర్డర్ కాగితం ఉంది కానీ అధికారం లేదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మీరు సిఫార్సు మాత్రమే చేయగలరు. క్లాసులో, అసైన్‌మెంట్‌లో ఏం వాడొచ్చన్నది సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ నుంచి అకడమిక్ కౌన్సిల్‌కి వెళ్లే దారి. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఏ డేటా బయటికి పోవచ్చన్నది రిజిస్ట్రార్, పర్చేజ్ కమిటీ. పరీక్షలు, ఫలితాలు కంట్రోలర్ గారి సామ్రాజ్యం, అందులోకి మీరు వేలు పెడితే ఫైలు కదలదు. ఈ మూడింటినీ కలిపి నలభై పేజీల ఒకే పాలసీ రాస్తే ముగ్గురిలో ఎవరూ తనది అనుకోరు, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్లొచ్చిన రోజు టేబుల్ మీద పెట్టే ఫైలు అవుతుంది. విడివిడిగా మూడు చిన్న కాగితాలు చేసి, ఒక్కోదాని మీద ఒక్కో అధికారి హోదా రాయండి. "సంబంధిత అధికారులు" అనే మాట ఎక్కడ కనిపించినా కొట్టేయండి.

అనుబంధ కాలేజీల సంగతి: యూనివర్సిటీ పరీక్షలు, పీహెచ్‌డీ మీ చేతిలో ఉన్నాయి కాబట్టి వాటి వరకు కచ్చితంగా చెప్పొచ్చు. అటానమస్ (సొంతంగా పరీక్షలు పెట్టుకునే) కాలేజీల ఇంటర్నల్స్ వాళ్ల ఇష్టం. అక్కడ కనీసం ఏం పాటించాలో నాలుగు లైన్లు చెప్పి వదిలేయండి.

కొత్త_కన్వీనర్

మేడమ్‌నే సార్, పర్లేదు :) ఎగ్జామ్ బ్రాంచ్ వైపు నేను అసలు ఆలోచించనే లేదు. మా కమిటీ పదకొండు మందిలో ఆ బ్రాంచ్ నుంచి ఒక్కరూ లేరు, లైబ్రరీ నుంచీ లేరు. ప్రొఫెసర్లమే ఉన్నాం.

నాలుగో_ఏడు_స్కాలర్

మేడమ్, డిటెక్టర్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి ప్లీజ్. నా గొడవ వినండి.

పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివాను. ఇంగ్లిష్ ఇప్పటికీ గ్రామర్ పుస్తకంలోలాగా రాస్తాను, చిన్న చిన్న వాక్యాలు, తెలిసిన మాటలే. రెండో చాప్టర్ ఐదు నెలలు కూర్చుని సొంతంగా రాశాను. లైబ్రరీలో సిమిలారిటీ (ఇదివరకే ఉన్న రాతలతో ఎంత కలుస్తోందో) చెక్ చేస్తే 7 శాతం వచ్చింది, హాయిగా ఉన్నాను. మా గైడ్ గారు ఎందుకైనా మంచిదని ఏదో ఫ్రీ డిటెక్టర్ సైట్‌లో వేశారు, 68 శాతం ఏఐ అని ఎర్రగా చూపించింది. ఆయన నన్ను తిట్టలేదు, అదే ఇంకా బాధేసింది, "చూసుకో బాబూ" అన్నారంతే. ఆ తర్వాత నేను చేసిన పని చెబితే నవ్వుతారు. "హవెవర్"లు, "మోర్ఓవర్"లు తీసేశాను, రెండు మూడు చోట్ల కావాలని ఆర్టికల్స్ తప్పు పెట్టాను. 22కి దిగింది. అంటే ఇంగ్లిష్‌ని పాడు చేసుకుంటేనే నేను మనిషినని ఆ సైట్ నమ్మింది.

ఇది నా ఒక్కడి కథ కాదు. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2023లో ఏడు డిటెక్టర్లని పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలు ఇస్తే సగటున 61 శాతం ఏఐ రాసినవే అన్నాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వాటిని మాత్రం దాదాపు అన్నీ సరిగ్గా గుర్తుపట్టాయి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కూడా సొంతంగా ఒక డిటెక్టర్ పెట్టింది, ఏఐ రాసినదాంట్లో 26 శాతమే పట్టుకుంటుందని, మనుషులు రాసినదాన్ని 9 శాతం సార్లు ఏఐ అంటుందని వాళ్లే చెప్పుకుని, 2023 జులైలో మూసేసింది.

ఇంకో కంగాళీ ఏంటంటే సిమిలారిటీ శాతానికీ ఏఐ శాతానికీ తేడా చాలామంది గైడ్లకి తెలీదు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో ఉన్నది సిమిలారిటీ: 10 శాతం దాకా పర్లేదు, 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది డిబార్, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అవి రాసేనాటికి చాట్‌జీపీటీయే లేదు, అది వచ్చింది 2022 నవంబర్‌లో. ఆ 60ని తెచ్చి ఈ 68కి అంటించి "నీ రిజిస్ట్రేషన్ పోతుంది" అని మా సీనియర్ ఒకమ్మాయిని భయపెట్టారు. మీ పాలసీలో ఇంకేం రాయకపోయినా ఈ రెండూ వేరు అని ఒక్క లైను రాయండి మేడమ్.

బ్లూపెన్

ఇన్ని మాటలెందుకు, క్యాంపస్ వైఫైలో ఆ సైట్లన్నీ బ్లాక్ చేసి, పాతకాలం లాగా తెల్ల కాగితం బ్లూ పెన్ను ఇవ్వండి. రాస్తారో లేదో తేలిపోతుంది. మా రోజుల్లో లాగరిథమ్ టేబుల్స్‌తో చేశాం.

డిగ్రీ_కాలేజీ_తెలుగు

@బ్లూపెన్ సార్, క్యాంపస్ వైఫై ఎవరు వాడుతున్నారు? 2025లో ఎయిర్‌టెల్ సిమ్ ఉంటే పెర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఫ్రీ ఇచ్చారు, విద్యార్థులకి జెమినై ప్రో ఫ్రీ ఇచ్చారు, ఆ నవంబర్‌లో చాట్‌జీపీటీ గో కూడా ఫ్రీ ఇచ్చారు. మా కాలేజీ ప్రొజెక్టర్ సరిగ్గా వెలగదు గానీ చివరి బెంచీ పిల్లాడి జేబులో ఇవన్నీ ఉన్నాయి. బ్లాక్ చేసేదేదో మాకే బ్లాక్ అవుతుంది.

కానీ మీరన్న కాగితం మాటలో సగం నిజముంది, అది కాదనను. నేను చెప్పేది తెలుగు, ఊరు చిన్నది. "మా ఊరి చెరువు" అని అసైన్‌మెంట్ ఇచ్చాను. 64 మందిలో సగానికి పైగా "చెరువు కేవలం నీటి వనరు మాత్రమే కాదు, అది గ్రామీణ జీవన సంస్కృతికి ప్రతిబింబం" అని మొదలుపెట్టారు. ఒకమ్మాయి మాత్రం వాళ్ల చెరువు తూము దగ్గర గేదె ఇరుక్కుపోతే తీయడానికి తాళ్లు కట్టిన సంగతి రాసింది, అచ్చుతప్పులతో సహా. ఆ అమ్మాయికి మార్కులు వేయడానికి నాకు ఏ డిటెక్టరూ అక్కర్లేదు.

మిగతావాళ్లని పిలిచి మాట్లాడదామంటే మనిషికి ఐదు నిమిషాల లెక్కన ఐదు గంటలు దాటుతుంది. నా పద్ధతి ఏంటంటే చీటీలు. పది మంది నంబర్లు తీస్తాను, వాళ్లు రాసినదాంట్లో ఒక పేరా చూపించి "ఇది వివరంగా చెప్పు నాన్నా" అంటాను. ఎవరి నంబరు వస్తుందో తెలియదు కాబట్టి కనీసం అందరూ చదువుకుని వస్తున్నారు. ఏఐతో రాసుకున్నా సరే చదువుకుని వస్తే నాకు చాలావరకు పని అయినట్టే.

సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు ఇదే సంగతిని పద్ధతిగా చేశారు, 2025 మొదటి సెమిస్టర్ నుంచి. పరీక్షల్లాగా కళ్లెదురుగా, కాపలాతో జరిగేవి ఒక వైపు, అక్కడ ఏఐ లేదు. మిగతావన్నీ రెండో వైపు, అక్కడ మామూలుగా ఏఐ వాడొచ్చు. ఇంటికిచ్చిన పనిలో "వాడొద్దు" అని రాసి దాన్ని ఎవరూ అమలు చేయలేక నటించడం కంటే ఇది నయం అనిపించింది. మీ డిపార్ట్‌మెంట్ల కొట్లాట కూడా దీంతో కొంత తగ్గుతుందేమో.

డెట్రాయిట్_తమ్ముడు

మేడమ్, నేను ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీ ఐటీలో పనిచేస్తాను, మాది గుంటూరు. డిటెక్టర్ మీద స్కాలర్ అన్న చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో కాపీ పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లోని ఏఐ డిటెక్టర్‌ని ఆపేసింది. వాళ్ల లెక్క చాలా సింపుల్. 2022లో 75,000 పేపర్లు ఆ సాఫ్ట్‌వేర్‌లో వేశారు, కంపెనీ చెప్పిన ఒక్క శాతం తప్పే నిజమనుకున్నా 750 మంది మీద ఉత్తి పుణ్యాన నింద పడేది. మీ అనుబంధ కాలేజీల స్టూడెంట్స్ సంఖ్యతో అదే గుణించి వీసీ గారికి చూపించండి, డిటెక్టర్ ఫైలు అక్కడే ఆగుతుంది.

మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు వేరే దారి పట్టారు. 2023 ఆగస్టులోనే సొంత చాట్ టూల్ తెచ్చి విద్యార్థులకి, స్టాఫ్‌కి అందరికీ ఇచ్చారు. అందులో టైపు చేసింది మోడల్ ట్రైనింగ్‌కి (ఏఐకి నేర్పడానికి) పోదు. ఏ రకం డేటా ఏ టూల్‌లో పెట్టొచ్చో పట్టిక కూడా ఉంది. మనవాళ్లు టూల్‌ని చూసి ముచ్చటపడతారు గానీ అసలు విలువ ఆ పట్టికది. పాత_ఐక్యూఏసీ సార్ చెప్పిన అసిస్టెంట్‌లాంటి వాళ్లకి "వద్దు" అనడంతో పాటు "ఇక్కడ చేసుకో" అని చోటు చూపించాలి, లేకపోతే మళ్లీ సొంత జీమెయిల్‌కే వెళ్తాడు.

అలాగని వెంటనే లైసెన్సులు కొనేయమని కాదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2025 ఫిబ్రవరిలో 23 క్యాంపస్‌లకీ, నాలుగున్నర లక్షలకి పైగా విద్యార్థులకీ కాలేజీల కోసం చేసిన చాట్‌జీపీటీ ఎడ్యు ఇస్తామని ప్రకటించింది, దాదాపు 1.7 కోట్ల డాలర్లు. అదే సమయంలో బడ్జెట్ కోతలు నడుస్తున్నాయి, ప్రొఫెసర్లు ఊరుకుంటారా. మన దగ్గర గెస్ట్ ఫ్యాకల్టీ జీతాలు నెలల తరబడి ఆగిన చోట ఈ కొనుగోలు పెడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కొనాల్సి వస్తే సేల్స్ అబ్బాయి "అంతా సేఫ్ మేడమ్" అంటాడు, అగ్రిమెంట్‌లో ఏ క్లాజులో ఉందో వేలు పెట్టి చూపించమనండి. మా డేటాతో ట్రైనింగ్ చేస్తారా, ఎన్ని రోజులు దాచుకుంటారు, కాంట్రాక్ట్ అయిపోయాక ఎన్నాళ్లలో చెరిపేస్తారు, పిల్లల చాట్‌లు మా అడ్మిన్‌కి కనిపిస్తాయా. ఈ చివరిది అందరూ మర్చిపోతారు. పిల్లలు దాంట్లో హోంవర్క్ ఒక్కటే అడగరు మేడమ్, రాత్రి రెండింటికి ఇంకా చాలా చెప్పుకుంటారు.

ప్లీడరమ్మ

చట్టం వైపు నుంచి క్లుప్తంగా. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు పిల్లలే, వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇంటర్ అవగానే బీటెక్‌లో చేరే మన పిల్లల్లో ఎంతమందికి అడ్మిషన్ నాటికి 17 ఏళ్లో లెక్క చూసుకోండి. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి ఏడాదిన్నర గడువిచ్చారు. చదువు, పిల్లల భద్రత కోసం విద్యాసంస్థలకి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, అవి బయటి కంపెనీకి ముఖాల వీడియోలు అప్పగించడానికి రాసినవి కావు అని నా అభిప్రాయం. డేటా భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

ఆ "అటెన్షన్ స్కోరు" వాళ్లని గుమ్మంలోంచే పంపించేయండి. యూరప్‌లో స్కూళ్లు, కాలేజీల్లో ముఖం చూసి భావాలు పసిగట్టే ఏఐని 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించారు, వైద్యానికో భద్రతకో తప్ప. మనకి ఆ చట్టం వర్తించదు, కానీ వాళ్లు వద్దనుకున్న సరుకు మనకి డిస్కౌంట్‌లో వస్తోందంటే ఎందుకో అడగాలిగా.

ఇంకొకటి. 2024లో ఒక ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) విద్యార్థి, ఏఐతో రాశావని ఫెయిల్ చేస్తే, ఏఐ వాడకూడదని మీ రూల్స్‌లో ఎక్కడుంది అంటూ పంజాబ్-హరియాణా హైకోర్టుకి వెళ్లాడు. చివరికి యూనివర్సిటీ పాస్ చేసింది, కేసు అక్కడితో ముగిసింది. కాబట్టి శిక్ష వేసే ముందు రూల్ కాగితం మీద ఉండాలి, సెమిస్టర్ మొదట్లోనే పిల్లలకి చెప్పి ఉండాలి, పిల్లాడి మాట వినే ఒక చోటుండాలి. యూజీసీ రెగ్యులేషన్స్ కింద డిపార్ట్‌మెంట్‌లో ఒకటి, సంస్థ స్థాయిలో ఒకటి ఇంటెగ్రిటీ ప్యానెళ్లు ఇప్పటికే ఉండాలి, ఉన్నాయో లేదో చూడండి. ఉంటే కొత్త కమిటీ అక్కర్లేదు. స్కాలర్ బాబూ, నీ డ్రాఫ్టుల పాత వెర్షన్లన్నీ తేదీలతో సహా దాచుకో.

నాలుగో_ఏడు_స్కాలర్

దాచాను మేడమ్. 41 ఫైళ్లున్నాయి. ఫైనల్, ఫైనల్2, ఫైనల్‌కొత్తది, ఫైనల్‌సార్‌చూసింది...

కొత్త_కన్వీనర్

అందరికీ చాలా థ్యాంక్స్. నాలుగు రోజులు ఇటు రాలేకపోయాను, షీటు పట్టుకుని తిరుగుతున్నా. మూడు సెక్షన్లు అయ్యాయి, 19 వరసలు వచ్చాయి. అందులో పిల్లలకి సంబంధించినవి ఆరే. మిగతావన్నీ మావి, ఆఫీసువి: మీటింగ్ మినిట్స్, ప్రశ్నపత్రాలు, నాక్ రిపోర్ట్, ఒక చోట సెలెక్షన్ కమిటీ కోసం అభ్యర్థుల బయోడేటాల సారాంశం. ఆ చివరిది చూసి నాకు చెమటలు పట్టాయి. అకౌంట్ కాలమ్‌లో 19కి 17 "సొంత జీమెయిల్". చివరి కాలమ్, ఎవరు చూసి సంతకం పెడతారన్నది, పదకొండు చోట్ల ఖాళీ.

ప్రశ్నపత్రాల దగ్గర కంట్రోలర్ గారిని నేనే వెళ్లి కలిశాను, సార్ చెప్పినట్టు ఆయన సామ్రాజ్యంలోకి వేలు పెట్టకుండా, "ఈ పేజీ మీరే రాసివ్వండి సార్" అన్నాను. ఆశ్చర్యం, రెండో రోజే రాసిచ్చారు. పేపర్ సెట్ చేసేవాళ్లు ప్రశ్నల్ని బయటి చాట్‌బాట్‌లలో పెట్టకూడదని, పెట్టినట్టు తేలితే ఆ సెట్ రద్దని రాశారు, నేనైతే అంత గట్టిగా రాసేదాన్ని కాదు.

కమిటీలోకి ఎగ్జామ్ బ్రాంచ్ సూపరింటెండెంట్‌నీ, లైబ్రేరియన్‌నీ, ఇద్దరు విద్యార్థులనీ తీసుకోమని నోట్ పెట్టాను. ఎవర్నీ తీసేయమని రాయలేదు, రాసే ధైర్యం లేదు, కాబట్టి ఇప్పుడు పదిహేను మందిమి. డిటెక్టర్ ప్రస్తుతానికి లేదు, 1 శాతం గుణకారం పనిచేసింది. ఏఐ శాతం వేరు, సిమిలారిటీ శాతం వేరు అనే లైను ఉంది బాబూ, విడి పేరాగా పెట్టాను. డేటా పట్టిక మాత్రం ఇంకా కాలేదు, ఏ కాలమ్‌లో ఏం రాయాలో రిజిస్ట్రార్ ఆఫీసు వాళ్లకీ నాకూ కుదరడం లేదు. పాత_ఐక్యూఏసీ సార్, మీరక్కడ చేసిన షీటు పేర్లు తీసేసి పంపగలరా?

పాత_ఐక్యూఏసీ

తప్పకుండా మేడమ్. కాకపోతే ఊళ్లో లేను, మనవడి బారసాలకి వచ్చాను, సోమవారం వెళ్లాక పంపుతా. ఆ బయోడేటాల సంగతి మాత్రం సోమవారం దాకా ఆగొద్దు, ఈరోజే రిజిస్ట్రార్ గారికి చెప్పండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని.